స్మార్ట్ స్విచ్‌కు ఎర్త్ వైరు వాడొచ్చా?

ప్రశ్న: స్మార్ట్ స్విచ్ పెట్టించాక, ఆపినా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమంటోంది. న్యూట్రల్ కావాల్సిన రకం తెచ్చి, న్యూట్రల్ బదులు ఎర్త్‌కు కలుపుతానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. కలపనివ్వమంటారా?

జవాబు: వద్దండీ, ఎట్టి పరిస్థితుల్లోనూ కలపనివ్వకండి. ఎర్త్ ఉన్నది ప్రాణరక్షణకు. దాన్ని రోజువారీ కరెంటుకు దారి చేస్తే, ఆ వైరు ఎక్కడైనా తెగిన రోజు ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నా షాక్ కొట్టవచ్చు.

మీ దగ్గరున్నది న్యూట్రల్ అక్కర్లేని రకం. ఆఫ్‌లో ఉన్నా వైఫై పనిచేయాలి కనుక కాస్త కరెంటు బల్బు గుండానే పోతుంది, మిణుకు అందుకే. కంపెనీ సూచించిన కెపాసిటర్‌ను బల్బు దగ్గర ఫేజ్, న్యూట్రల్‌ల మధ్య పెట్టిస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

న్యూట్రలే కావాలంటే అదే బోర్డులో ప్లగ్ సాకెట్ ఉందేమో చూడండి. ఉంటే న్యూట్రల్ అక్కడికి వచ్చే ఉంటుంది, మన ఇళ్లలో ఎక్కువగా నల్ల వైరు. రంగును మాత్రం నమ్మకండి, మీటరుతో తేల్చుకోవాల్సిందే. సాకెట్, లైటు ఒకే ఎంసీబీ కింద ఉండాలి. వేరే సర్క్యూట్ న్యూట్రల్ తెచ్చి కలిపితే ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోవచ్చు.

పనికి ముందు మెయిన్ దించేయండి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి, చాలామంది మరచిపోయేది దీన్నే. టెస్టర్ వెలగలేదని ధైర్యపడకుండా మల్టీమీటరుతో చూశాకే వైరు ముట్టుకోమనండి.