వింత చట్టములు: నిజమెంత, కల్పన యెంత?

విద్యార్థులతో రామతీర్థమునకు బోయి, గురుభక్తులకొండ యెక్కి, పాత యిటుకల గోడల నడుమ నిలిచియున్న వేళ నొక బాలుడు మమ్ము నిట్లడిగెను: “అయ్యా! ఈ నేలలో నాకొక పాతకాసుల కుండ దొరికినచో నది నాది కాదా? పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరుగారికి వ్రాసి తెలుపవలెనని యొక చట్టము గలదట. నిజమేనా?” తక్కినవారు పకపక నవ్విరి. “అట్లయిన గాలిపటమునకును ప్రభుత్వానుమతి కావలెనట!” అని వారిలో నొకడు పరిహాసమాడెను. ఆ నవ్వే యీ వ్యాసమునకు హేతువు.

వింత చట్టములను గూర్చిన మాటలు నోటినోట వ్యాపించుచుండును. వానిలో కొన్ని పూర్తిగా కల్పనలు; కొన్ని సగము నిజములు; కొన్ని మాత్రము మన మెంత నవ్వినను నిజముగా నున్నవే. వీనిని వేరుపరచుటకు నాలుగు ప్రశ్నలు చాలును. మొదటిది, ఆ చట్టము పేరేమి, ఏ సంవత్సరమున పుట్టినది? రెండవది, అది మన ప్రాంతమునకు వర్తించునా? మూడవది, అది నేడును అమలులో నున్నదా? నాలుగవది, దాని యసలు మాటలేవి? ఈ ప్రశ్నలను కొన్ని యుదాహరణములకు ప్రయోగించి చూతము.

మన రాష్ట్రమును గూర్చియే యొక కథ గలదు. 1914వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వాహనములను తనిఖీచేయు నధికారి దంతములు చక్కగా తోముకొనినవాడై యుండవలెనట! పావురపు రొమ్ము, చదునుపాదములు గలవాడు ఆ యుద్యోగమునకు తగడట! మొదటి ప్రశ్నకే యీ కథ తడబడును. 1914లో ఆంధ్రప్రదేశ్ అను రాష్ట్రమే లేదు. మన ప్రాంతము నాడు మద్రాసు రాజధానిలో భాగము. ఆంధ్రరాష్ట్రము 1953లోను, ఆంధ్రప్రదేశ్ 1956లోను ఏర్పడినవి. పుట్టని బిడ్డపేరు పాత చట్టములో నెట్లుండును? మూడవ ప్రశ్నకును కథ నిలువదు. 1914 నాటి చట్టమునకు బదులుగా 1939లో నొకటి, దానికి బదులుగా 1988లో మరియొకటి వచ్చినవి. అయినను నిప్పులేనిదే పొగ రాదు. పోలీసు మొదలగు నుద్యోగములకు అభ్యర్థులను పరీక్షించునప్పుడు వైద్యులు మోకాళ్లను, పాదములను, రొమ్మును, దంతములను జూచుట వాడుక. అట్టి సాధారణమైన ఆరోగ్య నిబంధనయే చేతులు మారి, “దంతధావన చట్ట”మై కూర్చున్నదని తలంపవచ్చును.

ఇక గాలిపటము సంగతి. ఇది సగము నిజము. 1934వ సంవత్సరపు విమాన చట్టములో విమానమను పదమునకు నిర్వచనము వ్రాయుచు, గాలి యాధారముగా నిలువగల యంత్రములలో బెలూనులతోపాటు గాలిపటములనుగూడ చేర్చినారు. ఆ మాట యున్నది. కాని నిర్వచనము వేరు, నిషేధము వేరు. “ఈ చట్టమున కీ వస్తువులు లోబడును” అని చెప్పుటవలననే సంక్రాంతినాడు గాలిపటము నెగురవేయు బాలుడు నేరస్థుడు కాడు. ఏది చేయరాదో, చేసిన శిక్ష యేమో వేరు విధులు చెప్పవలయును. నాలుగవ ప్రశ్న యెంత ముఖ్యమో దీనివలన తెలియును. ఆ పాత చట్టము స్థానమున 2024లో చేసిన క్రొత్త చట్టము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఇప్పుడు కొండమీది బాలుని ప్రశ్నకు వత్తము. అందరును నవ్విన యా చట్టమే నిజమైనది! దాని పేరు భారత నిధినిక్షేపముల చట్టము, పుట్టినది 1878లో. నేలలో దాగియుండిన వస్తువు పది రూపాయల విలువకు మించినదైనచో, కనుగొనినవాడు వీలైనంత త్వరలో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలయును. అది యెట్టిదో, యెంతదో, ఎక్కడ నేనాడు దొరికినదో వ్రాయవలయును. వస్తువును ప్రభుత్వ ఖజానాలో నుంచుటయో, తగిన హామీ నిచ్చుటయో చేయవలయును. దాచినవానికి వాని భాగము పోవుటయే గాక, ఒక యేడాదివరకు ఖైదుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పది రూపాయలన్న నేడు నవ్వు వచ్చును; 1878లో నది చిన్న మొత్తము కాదు. కాలము మారినది, అంకె మారలేదు.

అయితే యీ చట్టము కేవలము భయపెట్టునది కాదు. నిధికి హక్కుదారు డెవ్వడును లేడని తేలి, ఆ స్థలమునకు మాత్రము యజమాని యున్నచో, వేరు ఒడంబడిక లేనప్పుడు కనుగొనినవానికి ముప్పాతికయు, యజమానికి పాతికయు చెందును. ప్రభుత్వమే దానిని గైకొనదలచినచో ఆ ద్రవ్యపు విలువను, దానిపై నైదవవంతును చెల్లింపవలయును. మన రామతీర్థమున కిది దగ్గరి సంగతి. గురుభక్తులకొండ, దుర్గకొండలపైని బౌద్ధ విహారముల శిథిలములను అలెగ్జాండర్ రీ దొరగారు పురావస్తుశాఖవారి 1910–11 నివేదికలో వర్ణించిరి. అట్టి చోట ఒక కుండ దొరకిన నది వట్టి లోహము గాదు, చరిత్రలో నొక పుట. దానిని కరగించినచో బంగారము మిగులును గాని పుట మిగులదు. రక్షిత స్థలములలో అనుమతి లేక త్రవ్వుటయే 1958 నాటి మరియొక చట్టముచే నిషిద్ధమని విద్యార్థులు మరువరాదు.

ఇంతవరకు నవ్వితిమి. నవ్వరాని చట్టము నొకదానిని చెప్పక యీ వ్యాసమును ముగించుట న్యాయము కాదు. వింతచట్టములను వినోదముగా చెప్పుకొనువారు దీని నంతగా తలంపరు. 1871లో ఉత్తరహిందూస్థానమునందు మొదలై, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చిన “నేరస్థజాతుల చట్టము” కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులుగా నెంచినది. అట్లు నమోదైనవారు వ్రేలిముద్ర లీయవలయును. నియమితవేళల హాజరు పలుకవలయును. అనుమతి చీటి లేక ఊరు దాటరాదు. బాపట్ల సమీపమున స్టూవర్టుపురమున ఎరుకల కుటుంబములను నిలిపి, ఆ నివాసమును రక్షణసైన్యమను క్రైస్తవ సంస్థకు అప్పగించిరి. అచ్చట పాఠశాలయు పొలములును లభించుట నిజమే. స్వేచ్ఛ లేకుండుటయు నిజమే. మిషను పాఠశాల పత్రికలో వ్రాయు మేము మొదటి నిజమును చెప్పి రెండవదానిని దాచరాదు.

ఆ చట్టమును మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31ననూ రద్దుపరచిరి. చట్టము పోయినను దాని నీడ పోలేదు. కులమునుబట్టి ఖైదీలను వేరుపరచి పనులు పంచు నిబంధనలు కొన్ని రాష్ట్రముల కారాగార నియమావళులలో అటుపిమ్మటను నిలిచియుండెను. వానిలో ఆ పాత జాతిముద్రయు కానవచ్చెను. అట్టివి చెల్లవని సుప్రీముకోర్టువారు 2024 అక్టోబరులో తీర్పు చెప్పిరి. రద్దయిన డెబ్బదియేండ్లకు పిమ్మట!

కావున పాత చట్టము ముసలిదగుటవలననే చచ్చిపోదు. దానిని తీసివేయుటకు శాసనసభయో, పార్లమెంటో, న్యాయస్థానమో సాధారణముగా పూనుకొనవలయును. 2014 తరువాత పార్లమెంటు వేయికి మించిన పాత చట్టములను రద్దుపరచినది. ఏవి పోయినవో, ఏవి మిగిలినవో తెలిసికొనుట కష్టము కాదు. కేంద్రప్రభుత్వమువారు “ఇండియా కోడ్” అను పేర చట్టముల పాఠములను అందరును ఉచితముగా చదువుకొనునట్లు ప్రకటించుచున్నారు.

విద్యార్థులారా! “ఇట్టి చట్టము గలదట” అని యెవరైన చెప్పినప్పుడు వెంటనే నమ్మకుడు, వెంటనే నవ్వకుడు. పేరడుగుడు, ఏడడుగుడు, అసలు మాటలు చూపుమనుడు. దంతముల కథను నమ్మినవానికి కలుగు నష్టము స్వల్పము. నిధి చట్టమును నవ్వి త్రోసిపుచ్చినవాడు ఖైదునకు పోవచ్చును. లేని చట్టము పేర నొక బీదవానిని బెదరించి పైకము గుంజువాడును లోకమున గలడు. అట్టివాని యెదుట “ఆ చట్టము చూపుడు” అను మాటయే బీదవానికి కవచము. తల్లిదండ్రులలో చదువు రానివా రున్నచో, వారి పక్షమున ఆ మాట ననవలసినవారు మీరే. చదువు మీకు చెప్పుచున్నది అందులకే.