బరువేది? భారమేది?
పాఠ్యభాగములు: గలతీ 6:1–5; నిర్గమ 18:13–27; 2 రాజులు 4:1–7



మన సంఘములలో పొలము పనికి పోవువారితోపాటు చిన్న వ్యాపారములు చేసికొని బ్రదుకువారును ఉన్నారు. కిరాణా కొట్టు, టిఫిను బండి, కుట్టుమిషను, కల్లముల వెంట తిరిగి తాలుకాయ కొని అమ్ముట, ఇట్టి పనులన్నిటిలో యజమానియు కూలివాడును గుమాస్తాయు కాపలావాడును ఒక్కడే. తెల్లవారక ముందే సరుకునకు పోవువాడు అతడే, రాత్రి దీపము క్రింద లెక్క వ్రాయువాడును అతడే. కూలికి పోయినవాడు ప్రొద్దు గ్రుంకగానే పార క్రింద పెట్టును. కొట్టు నడుపువాడు తలుపు మూసినను కొట్టును తలలో పెట్టుకొనియే పండుకొనును. ఈ నెల పాఠము అట్టివారికొరకు వ్రాయుచున్నాను. తక్కినవారు పేజీ త్రిప్పవలదు. వారికి చెప్పవలసినది చివరను కలదు.

వ్యాపారము భక్తికి అడ్డమని కొందరు పెద్దలు తలంచుచున్నారు. అది సరికాదు. ఊదారంగు పొడి అమ్ముకొనిన లూదియ ఇంటిలోనే ఫిలిప్పీ సంఘము ఆరంభమాయెను. పౌలు, అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టిరి. మన ప్రాంతపు సంగతి చూడుడి. తాళ్లకొండపాడు కాపురస్థుడైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. సరుకు నిమిత్తము ఉత్తరదిక్కునకు పోయినప్పుడే అతడు సువార్తను వినెను. 1866లో బాప్తిస్మము పొందెను. అతని వెంటనే మాదిగపల్లెలలో సువార్త వ్యాపించెను. వ్యాపారపు బాటనే ప్రభువు వాడుకొనెను. కావున దోషము వ్యాపారములో లేదు.

మరి శ్రమ ఎక్కడనున్నది? ఈ పత్తి మిరప నేలలో కొట్టు నడుపుట అనగా ఆరునెలలు అరువిచ్చుట. వానలు పడినది మొదలు కాయ కోతకు వచ్చువరకు ఊరివారికి డబ్బుండదు, కాని ఉప్పు పప్పు లేక జరుగదు. కొట్టువాడు పట్నములోని టోకు వర్తకునియొద్ద అరువు తెచ్చి ఊరిలో అరువు పెట్టును. పైరు బాగుండిన గొలుసు అంతయు కదలును. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను తినివేసినప్పుడు రైతు ఒక్కడే చెడలేదు. 2025లో ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వము ఫిబ్రవరి నెలలో క్వింటాలునకు 11,781 రూపాయలు జోక్యపు ధరగా నిర్ణయింపవలసి వచ్చినప్పుడును నష్టము యార్డులో ఆగలేదు. అది పల్లెలోని ప్రతి ఖాతా పుస్తకములోనికి దిగెను. “అయ్యగారూ, పుస్తకములో నేను ధనవంతురాలను, డబ్బాలో పది రూపాయలు లేవు” అని ఒక సహోదరి నాతో అనెను. పైగా వారపు కిస్తీవాడు గుమ్మములోనే నిలుచుండును.

ఇట్టివారికి గలతీ పత్రిక ఆరవ అధ్యాయమునుండి ఒక మాట. రెండవ వచనములో ఒకరి భారములను ఒకరు మోయవలెనని అపొస్తలుడు వ్రాసెను. మూడు వచనములు దాటగానే ప్రతివాడు తన బరువును తానే మోసికొనవలెనని వ్రాసెను. ఒక నోట రెండు మాటలా అని కొందరు అడుగుదురు. మన తెలుగు బైబిలు ఈ రెండు చోట్ల రెండు వేరు మాటలు వాడినది: ఒకటి భారము, రెండవది బరువు. గ్రీకులోను అవి వేరుమాటలే. మొదటిది మనిషిని నేలకు అణచివేయు భారము. రెండవది ఒకడు తనకని ఎత్తుకొను మూట. ఓడలోని సరుకును చెప్పుటకు అపొస్తలుల కార్యములు 27:10లో ఆ మాటయే కలదు. ఉక్కిరిబిక్కిరియగు వర్తకుడు చేయవలసిన మొదటి పని ఈ రెంటిని వేరుచేయుట. కాటా పట్టిన చేతికి ఇది క్రొత్త విద్య కాదు.

న్యాయమైన తూకము నీ బరువు. దాని నెవడును నీకొరకు మోయలేడు. ఏ రోజు లెక్క ఆ రోజు వ్రాయుట నీ బరువు. కొట్టు డబ్బాను ఇంటి డబ్బాను వేరుచేయుట నీ బరువే. ఈ ఒక్కటి చేయక చెడినవారు అనేకులు. పాత బాకీలో సగమైనను చెల్లింపక క్రొత్త అరువు అడుగువానితో మెత్తగా “లేదు” అని చెప్పుట కూడ నీ బరువే. అది ప్రేమలేమి అని తలంపకుడి. నీ కొట్టు మూతపడిన నాడు అతనికి ఉప్పు ఎక్కడ దొరుకును? అయితే పంట పోయిన ఊరియొక్క అప్పంతయు నీ తలమీదికి వచ్చిన యెడల అది నీ ఒక్కని మూట కాదు. అది భారము. దానిని ఒంటిగా మోయబూనుట భక్తి కాదు.

మోషే సంగతి చూడుడి. ఉదయము మొదలు సాయంకాలమువరకు జనులు అతని చుట్టు నిలిచిరి. మామయైన యిత్రో వచ్చి ఒక్క దినము కూర్చుండి చూచి, ఈ పద్ధతి మంచిది కాదనియు, అతడును జనులును నలిగిపోవుదురనియు చెప్పెను. మోషే సోమరియని గాని ప్రార్థన చాలలేదని గాని అతడు అనలేదు. చిన్న సంగతులకు నమ్మకస్థులను నియమించి, పెద్దవి మాత్రమే నీయొద్ద ఉంచుకొమ్మనెను. మనలో ఎంతమంది, పదియవ తరగతి చదివిన కుమార్తె ఇంటిలో ఉండగా, లెక్క పుస్తకమును ఆమె చేతికి ఇయ్యరు! గిరాకీ తగ్గిన మధ్యాహ్నము భార్యను గాని తమ్ముని గాని కూర్చుండబెట్టి ఒక గంట కన్నుమూయరు. నేను లేనిదే జరుగదు అను మాట వినుటకు బాధ్యతవలె నుండును. త్రవ్వి చూచిన అడుగున కొంత గర్వము కనబడును.

ఈ పాఠమును మన ఒంగోలు ప్రాంతము ఒకసారి కన్నులార చూచెను. 1876–78 కరవులో జనులు ఆకలితో రాలిపోవుచుండగా, మిషనెరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. యౌవనములో సర్వే పని నేర్చినవారగుటచేత అది వారికి చేతనైనది. కాని వేలమంది కూలీలను ఒక్కడు చూడగలడా? తన బోధకులను మేస్త్రీలుగా నియమించి, పనివారిని వారికి పంచి అప్పగించిరి. మట్టితట్టలు దించి జనులు సేదదీరునప్పుడు ఆ బోధకులు వారికి చెప్పుచు వచ్చిన వాక్యము మత్తయి 11:28. తలమీద తట్ట మోయుచున్నవానికి భారము మోయువారిని పిలుచు ప్రభువు మాట ఎట్లు వినబడెనో మీరే తలంచుడి. కరవు పని సాగినంతకాలము, అన్నముకొరకు వచ్చిరను మాట రాకుండునట్లు, వారు బాప్తిస్మము లియ్యక ఆపిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి ఆ పని ముగించిరి. సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొందుము. వంతుల మాట మరచిపోవుదుము.

ఇక అప్పు సంగతి. దీనికి 2 రాజులు నాలుగవ అధ్యాయముకంటె తగిన పాఠము నాకు తెలియదు. ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య విధవరాలాయెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవ వచ్చెను. ఆమె మొదట చేసినదేమి? నోరు తెరచి చెప్పెను. మన వర్తకులు ఇదియే చేయరు. పరువు పోవునని అప్పును భార్యకు సహితము దాచుదురు. ఎలీషా ఆమెను ఇంటిలో ఏమి కలదని అడిగెను. లేనిదానిని గూర్చి అడుగలేదు. నూనె కుండ ఒకటి ఉండెను. పాత్రలను మాత్రము ఇరుగుపొరుగువారియొద్ద ఎరవు తెచ్చుకొనవలసి వచ్చెను. నూనె దేవుడిచ్చెను, పాత్రలు పొరుగువారిచ్చిరి, పోయుట ఆమెయు కుమారులును చేసిరి. ఒక కిస్తీ కట్టుటకు మరియొక కిస్తీ తెమ్మని ప్రవక్త చెప్పలేదు. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రదుకుమనెను.

కావున చిక్కులోనున్న సహోదరుడు టోకు వర్తకుడు వచ్చి కేకలు వేయువరకు దాగియుండక, తానే ఖాతా పుస్తకము చంకనిడుకొని అతనియొద్దకు పోవలెను. ఎవరు ఎంత ఇయ్యవలెనో, ఏ పంటమీద ఇత్తురో చూపి గడువు అడుగవలెను. పుస్తకము చూపువానికి గడువు దొరకుట నేను చూచితిని. ఫోను ఆపివేసినవానికి దొరకుట చూడలేదు.

మరియొక మాట చెప్పక తప్పదు. పత్తి మందు డబ్బా ప్రతి ఇంటిలోను ఉన్న దేశము మనది. బాకీ బాధలో దానివైపు చూచినవారు మన పల్లెలలో ఉన్నారు. సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయములో మోషే, ఈ జనుల భారము ఒంటరిగా మోయలేను, నన్ను చంపివేయుమని దేవునితోనే అనెను. యిత్రో మాట ముందే వినినవాడే అట్లనెను! దేవుడు అతని గద్దింపలేదు. డెబ్బదిమంది పెద్దలను ప్రక్కన నిలిపెను. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దూత తెచ్చినది రొట్టెయు నీళ్లును; నిద్రయు పోనిచ్చెను. నీకట్టి తలంపు వచ్చిన యెడల ఆ రాత్రియే పాస్టరు తలుపు తట్టుము. ఏ వేళయైనను పరవాలేదు. ప్రభుత్వమువారి టెలి మానస్ అను ఉచిత ఫోను 14416 రాత్రింబగళ్లు పలుకును. ఇంటివారు మందు డబ్బాను తీసివేసి, అతనిని ఒంటిగా విడువక ఉండవలెను.

ఇప్పుడు తక్కినవారితో. ఆ కొట్టు పుస్తకములోని పేర్లు ఎవరివి? ఆదివారము అదే చాపమీద కూర్చుండి పాడు మనవే. కాయ అమ్మిన డబ్బు చేతికి రాగానే క్రొత్త ఫోను, పెండ్లి పందిరి, బండి ముందుకు వచ్చును. “మనవాడే గదా, ఆగును” అని కొట్టు బాకీ వెనుకకు పోవును. చేతిలో ఉండగా పొరుగువానిని రేపు రమ్మనవద్దని సామెతలు మూడవ అధ్యాయము బోధించుచున్నది. మనవాడని అరువడుగుట, మనవాడని ఎగవేయుట, ఈ రెండును సంఘములో కలిసి పోరాదు. పూర్తిగా ఇయ్యలేనివాడు కొంతయైనను ఇచ్చి, మిగిలినది ఎప్పుడో ముఖము చూచి చెప్పవలెను. టిక్కీలు యార్డుకు ఎక్కించిన వారమే, ఇంటికి పోకముందే, కొట్టు మీదుగా పొండి.