ఫోటో వెనక పెన్సిల్‌తో రాయండి

ఉద్యోగం చేసుకుంటూ మన పేట చరిత్రను పోగుచెయ్యడం అయ్యే పనేనా అని చాలామంది అడుగుతారు. అవుతుంది. ఒక ఆదివారం, ఒకే ఇల్లు. అంతకుమించి పెట్టుకోవద్దు.

సనత్‌నగర్‌నే తీసుకోండి. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, తర్వాత వాచీలు కూడా చేసిన అక్కడి హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1942లో మొదలైంది. 1990ల్లో కంపెనీ ముక్కలై చేతులు మారింది. అక్కడ షిఫ్టులు చేసినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయిపోయారు. ఆయుధపూజనాడు మిషన్ల ముందు దిగిన గ్రూప్ ఫోటోలు, క్యాంటీన్ కూపన్లు, యూనియన్ కరపత్రాలు వాళ్ల బీరువాల్లోనే ఉన్నాయి. ఇల్లు మారినప్పుడో, అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేసినప్పుడో మొదట పాత పేపర్లవాడికి వెళ్లేవి అవే. అందుకే పెద్దవయసువాళ్లున్న ఇళ్లతో మొదలుపెట్టండి.

వెళ్లి కూర్చుని "చరిత్ర చెప్పండి" అంటే ఎవరూ నోరు విప్పరు. ఫోటో చేతికిచ్చి "బాబాయిగారూ, ఇందులో మీరెక్కడ?" అని అడగండి. వేలు పెట్టి చూపిస్తారు, ఆ వేలు పక్కనున్న మనిషి మీదికి జరుగుతుంది, అతని పేరు, ఊరు, పనిచేసిన షాపు వరసగా వస్తాయి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి, ముందే చెప్పి. తర్వాత ఆ పేర్లను ఎడమ నుంచి కుడికి, ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ గీత ముందువైపుకి అచ్చుపడుతుంది, ఇంకు ఊరుతుంది. పెన్సిల్ అంటుకోని నున్నటి ఫోటోలైతే పేర్లు విడి కాగితం మీద రాసి దానితోపాటు పెట్టండి.

నన్నడిగితే ఫోటోలకంటే చిల్లర కాగితాలే ఎక్కువ విలువైనవి. ఫోటో మీద తేదీ అరుదుగా ఉంటుంది, కాగితం మాత్రం కాలాన్ని పట్టిస్తుంది. రసీదులో అణాలుంటే అది ఎక్కువగా 1957 ఏప్రిల్‌కి ముందుది, నయాపైసలుంటే ఆ తర్వాతది. బస్సు టికెట్ మీద ఏపీఎస్‌ఆర్టీసీ అని ఉంటే 1958 జనవరి దాటినట్టే. అడ్రసులో 500018 అని పూర్తి పిన్‌కోడ్ కనిపిస్తే 1972 ఆగస్టు 15 తర్వాతది, ఎందుకంటే పిన్‌కోడ్లు మొదలైంది ఆ రోజునే. ఇక శుభలేఖ దొరికితే పండగే. ఆనంద నామ సంవత్సరం అని ఉందంటే 1974-75. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి కాగితాన్నీ అచ్చునీ కూడా చూసుకోవాలి. ఆ శుభలేఖతో ఒకే కవరులో దాచిన ఫోటోలకీ కాలం కొంత అంచనాకి వస్తుంది. అందుకే ఏ కవరులో ఏవేవి కలిసి ఉన్నాయో, కదపకముందే ఒక ఫోటో తీసుకోండి.

అసలు ఫోటోలు ఇంటికి పట్టుకెళ్లొద్దు. స్కానర్‌నే వాళ్లింటికి తీసుకెళ్లండి. మామూలు సైజు ప్రింటుకి 600 డీపీఐ సరిపోతుంది, చిన్నవాటికి 1200 పెట్టండి. స్కానర్ లేకపోతే కిటికీ వెలుతురులో, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ని ఫోటోకి సమాంతరంగా పైనుంచి పట్టుకుని తీయండి. వెనకవైపు కూడా తీయాలి, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. గమ్ము పేజీల ఆల్బమ్‌లో ఫోటో అతుక్కుపోతే పీకొద్దు, పేజీ మొత్తాన్నీ తీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు చిక్కిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

పాత ఫోటోకి లామినేషన్ చేయించకండి. మళ్లీ విడదీయడం దాదాపు కుదరదు. సెల్లోటేపూ అంతే, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు మరక దిగుతుంది. అటక మీద వేడి, గచ్చు మీద చెమ్మ. బీరువా మధ్య అర మేలు.

ఆధార్, బ్యాంకు, భూమి కాగితాలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఏది నలుగురికీ చూపించవచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో ఆ ఇంటివాళ్లనే అడిగి, రాయించుకుని సంతకం తీసుకోండి. స్కాన్ల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వాళ్లకి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఇంట్లో. కొంత పోగయ్యాక బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో కలిసి ఏవి తీసుకుంటారో కనుక్కోండి. వెళ్లేటప్పుడు పేర్లు రాసిన జాబితా చేతిలో ఉండాలి.