‘ఫ్రీ’ ఆటకు వెల కట్టేది ఎవరు?

‘ఫ్రీ’ అనే మాట ఇప్పుడు మన గూడేలలో కూడా తెలుగు మాటే అయిపోయింది. సంతలో రెండు సబ్బులు కొంటే మూడోది ఫ్రీ. కొత్త సిమ్ము వేయించుకుంటే కొన్నాళ్లు ఫ్రీ. ఫోనులోకి ఆట దించుకుంటే అది ఎప్పటికీ ఫ్రీ. మొదటి రెండింటిలో వ్యాపారికి లాభం ఎక్కడ ఉన్నదో అక్షరం రాని ముసలమ్మ కూడా చెప్పగలదు. మూడోదాని సంగతి అడిగితే మాత్రం డిగ్రీ చదివిన కుర్రవాడు కూడా కాసేపు ఆగి, “వాళ్లకు ప్రకటనల డబ్బులు వస్తాయి ఫాదర్” అని ఊరుకుంటాడు. ఆ జవాబు తప్పు కాదు, కాని అది సగమే. మిగిలిన సగం ఈ వారం చూద్దాం.

ఈ అడవి అంచున ‘ఊరికే ఇచ్చే’ వ్యాపారం కొత్తది కాదు. ఉప్పు, పొగాకు, గుడ్డ ముందుగా చేతిలో పెట్టి, తరువాత చింతపండు, ఇప్పపువ్వు, జిగురు తమకు తోచిన తూకంతో పట్టుకుపోయిన షావుకార్ల కథలు మన పెద్దలకు తెలుసు. గోదావరి లోయలోని కొండరెడ్లు కలప, వెదురు వర్తకుల అప్పుల్లో చిక్కుకున్న తీరును హైమన్‌డార్ఫ్ పండితుడు 1945లో వచ్చిన తన గ్రంథంలో రాశాడు. దళారుల బెడద తగ్గించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. గమనించండి, ఆ షావుకారు ఇచ్చిన ఉప్పు మంచి ఉప్పే. బదులుగా తన చేతి నుండి ఏమి పోతున్నదో, బయట దాని విలువ ఎంతో ఇచ్చేవానికి తెలియకపోవడంలోనే మోసమంతా ఉన్నది. ఉచిత ఆటను అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి.

ఆటగాడి చేతి నుండి మొదట పోయేది అతని చూపు. లూడో కింగ్ అనే ఆట అందరికీ తెలిసినదే. 2016లో నవీ ముంబైలోని ఒక సంస్థ దానిని తెచ్చింది. ఒక ఆట ముగియగానే తెర మీదికి ప్రకటన వస్తుంది. ఆ చోటు ముందే ఎవరికో అమ్ముడుపోయినది కాదు. అప్పటికప్పుడు వేలం జరుగుతుంది. ఫోను ఏ రకం, ఏ భాషలో వాడుతున్నారు, ఏ ప్రాంతం, ఇంతకు ముందు ఏ ప్రకటనలు నొక్కారు అనే వివరాలు ఒక గుర్తు సంఖ్యతో సహా వేలం వేసే కంప్యూటర్లకు చేరతాయి. ప్రకటనదారుల కంప్యూటర్లు పాట పాడతాయి. ఎక్కువ పాడినవాని ప్రకటన తెర మీదికి వస్తుంది. ఇదంతా కన్ను ఆర్పేలోగా ముగుస్తుంది. ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల వేలం చూసినవారికి ఈ పద్ధతి తేలికగా అర్థమవుతుంది. ఒక్క తేడా ఉన్నది. అక్కడ బస్తా రైతుది, ధర అతని ఎదుటే పలుకుతుంది. ఇక్కడ సరుకు మన పిల్లవాని చూపు, పాట మాత్రం వానికి వినిపించదు.

ఒక్కొక్క చూపుకు వచ్చేది పైసల లెక్కే. అందుకే ఆ ధరను వెయ్యి చూపులకు ఇంత అని కడతారు. అమెరికాలోని వెయ్యి చూపుల కంటె మన దేశంలోని వెయ్యి చూపులు చాలా చవక. అయితేనేమి, మన దగ్గర చూపులు కోట్లలో ఉన్నాయి. వీటిని కలిపి అమ్మే పెద్ద సంత గూగుల్ వంటి సంస్థలది. దాని మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయంలో సగానికి మించినది ప్రకటనల నుండే వస్తుంది. ఒక ఆటలో మరొక ఆట ప్రకటన ఎందుకు వస్తుందని పిల్లలు అడుగుతుంటారు. ఆ ప్రకటన చూసి ఎవరైనా కొత్త ఆటను దించుకుంటే, తలకు ఇంత అని రెండో ఆటవాడు మొదటివానికి చెల్లిస్తాడు. అర నిమిషం వీడియో చూస్తే మరొక ప్రాణం ఇస్తామనడం కూడా ఇదే బేరం.

ఇక రెండో రాబడి ఆట లోపలి అంగడి. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేనివాడు కొనుక్కోవచ్చు. అంటే ముందు ఆలస్యాన్ని వాళ్లే తయారు చేసి, ఆ ఆలస్యం నుండి విడుదలను వాళ్లే అమ్ముతున్నారన్నమాట. ఆ ఆటను తయారు చేసిన కింగ్ సంస్థను 2016లో ఆక్టివిజన్ బ్లిజార్డ్ దాదాపు 590 కోట్ల డాలర్లకు కొన్నది. ఊరికే పంచిపెట్టే వస్తువుకు ఆ ధర ఎవరూ పెట్టరు.

ఆడేవారిలో నూటికి తొంభై మందికి పైగా ఒక్క రూపాయి కూడా కట్టరు. రాబడి ఎక్కువగా వచ్చేది కొద్దిమంది నుండి. జూదశాలల భాషను తెచ్చుకొని ఈ వ్యాపారంలో వారిని ‘తిమింగలాలు’ అని పిలుస్తారు. ఆ మాటలోనే వేటగాని చూపు కనబడుతుంది. తిమింగలం అంటే కోటీశ్వరుడని అనుకోకండి. ఆపుకోలేనివాడు, ఒంటరివాడు, పిల్లవాడు కూడా ఆ లెక్కలోకి రావచ్చు. కట్టని తొంభై మంది ఎందుకు మరి? వారు లేకపోతే ఆటలో సందడి ఉండదు, కట్టినవానికి తన కొత్త దుస్తులు, కొత్త తుపాకి చూపించుకోవడానికి ఎవరూ ఉండరు.

తెరవని పెట్టెను డబ్బుకు అమ్మే పద్ధతి మరొకటి. లోపల ఏముందో కొన్న తరువాతే తెలుస్తుంది. 2018లో బెల్జియం దేశం కొన్ని ఆటల్లోని ఇటువంటి పెట్టెలను జూదం కిందనే లెక్కగట్టింది. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాల మీద చేసిన పరిశోధనను మా సెమినరీ రోజుల్లో చదువుకున్నాం. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం తిని ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే విడవకుండా పొడుస్తూనే ఉంటుంది.

దీనిని కేవలం సంకల్పబలం లేకపోవడంగా చూసి పిల్లవానిని కొట్టే తండ్రులకు పునీత అగస్టీను చెప్పిన అలీపియుస్ కథ గుర్తుచేస్తాను. రోము నగరంలో స్నేహితులు అతనిని కత్తిసాముల క్రీడాస్థలానికి బలవంతంగా లాక్కుపోయారు. తాను చూడనని కళ్లు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. జనం ఒక్కసారి పెద్దగా అరిచారు. కళ్లు తెరిచాడు. ఆ తరువాత తానే ఇతరులను వెంటబెట్టుకొని వెళ్లేవాడయ్యాడు. అతడు బలహీనుడేమీ కాదు. తరువాతి కాలంలో మేత్రాణులైన మనిషి. అరుపు ఎప్పుడు లేవాలో ఈనాడు కంప్యూటరు నిర్ణయిస్తుంది. సాయంత్రం మోగే “మీ బహుమతి ఎదురుచూస్తున్నది” అనే గంట అటువంటి అరుపే.

ఆటే పాపమని నేను చెప్పడం లేదు. ఆత్మకు విశ్రాంతి కావాలని, అది ఆటలో దొరుకుతుందని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ఆట బొత్తిగా లేని మనిషిలోనూ లోపమున్నదన్నారు. విల్లును ఎప్పుడూ వంచే ఉంచితే విరుగుతుందన్న పాత ఉపమానాన్ని ఆయన అక్కడ వాడారు. ఇప్పుడు ఆ కొలత పెట్టి చూడండి. విశ్రాంతి అనేది ముగిసి, మనిషిని తిరిగి పనికి పంపాలి. ముగియకుండా ఉండడమే లాభంగా నిర్మించిన ఆట, విల్లును వదులు చేయకపోగా మరింత వంచుతుంది. పందెపు ఆటలు తమంతట తాము న్యాయానికి విరుద్ధం కాకపోయినా, మనిషికి, అతని ఇంటికి అవసరమైనదానిని లాక్కున్నప్పుడు తగనివవుతాయని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం చెబుతున్నది. ఏది అవసరం, ఏది అదనం అనే ప్రశ్న పట్నంలో కంటె మన విచారణల్లో గట్టిగా అడగాలి.

ఎందుకంటే మన ఇళ్లలో ఫోను ఒక్కటే. పిల్లవానికి ఆటబొమ్మ అదే, తండ్రికి డబ్బుల సంచి అదే. పత్తి డబ్బు, తునికాకు బోనసు, అవ్వ పింఛను పడిన కబురు అందులోనే వస్తుంది. తండ్రికి చదువు రాదు గనుక “ఎంత పడిందో చూడురా” అని కొడుకుకే ఇస్తాడు. ఆ ఇంట్లో బ్యాంకు గుమాస్తా పన్నెండేళ్ల వాడే, రహస్య సంఖ్య వానికే తెలుసు. పైగా తునికాకు కోసే ఏప్రిల్, మే నెలలు బడి సెలవులు. తెల్లవారుజామున పెద్దలు అడవికి పోతే ఫోను ఇంట్లో పిల్లల దగ్గర ఉంటుంది. మా విచారణలో ఒక తల్లి, మూడు వారాల్లో యాభై, ఎనభై, వంద చొప్పున కరిగిపోయిన డబ్బును బ్యాంకువాళ్లు తిన్నారనే అనుకున్నది. కాగితం తీయిస్తే అంతా ఒక ఆటలోని ‘వజ్రాలకు’ పోయింది. పిల్లవాడు దొంగ కాదు. తాను ఖర్చు పెట్టినది వజ్రాలే గాని రూపాయలు కాదని వాని లెక్క. రూపాయికి మారుపేరు పెట్టడం అందుకే.

చట్టాలు కొంతవరకు వచ్చాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయితే ఆ చట్టం పట్టుకునేది గెలిస్తే డబ్బు వస్తుందని ఆశ పెట్టే ఆటలనే. వజ్రాలు కొని దుస్తులు మార్చుకునే ఆటలో గెలిచినా రూపాయి రాదు గనుక అది వేరే లెక్క. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్, తికమక పెట్టే బొత్తాములతో అనుకోని కొనుగోళ్లు చేయించినందుకు 24.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి అమెరికా ప్రభుత్వంతో ఒప్పుకున్నది. మన తల్లి పోగొట్టుకున్న డబ్బు కోసం అడిగే నాథుడు ఇంకా లేడు.

ఉచిత యాప్ అడిగే అనుమతులు కూడా ఒక వెలే. టార్చిలైటు యాప్‌కు మన బంధువుల నంబర్లు ఎందుకు? 2020 చివర మన రాష్ట్రంలో అప్పుల యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు మొదట అడిగినది నంబర్ల జాబితానే. అప్పు కట్టకపోతే ఆ నంబర్లకే ఫోన్లు చేసి పరువు తీశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆ జాబితాల జోలికి అప్పుల యాప్‌లు పోరాదని ఆదేశించింది.

పెద్దలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉపదేశులు జ్ఞానోపదేశం తరగతి తరువాత పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకు రహస్య సంఖ్య అడిగేలా పెట్టండి. యూపీఐ సంఖ్యను మార్చి, తల్లి లేదా తండ్రి అంకెలుగా కంఠస్థం చేయండి. అక్షరాలు రాకపోయినా నాలుగో ఆరో అంకెలు గుర్తుంటాయి. సంతలో లెక్కలు తప్పని మన తల్లులకు ఇది కష్టం కాదు. చిన్న మొత్తాలకు సంఖ్య అడగని ‘యూపీఐ లైట్’ను ఆ ఫోనులో తీసివేయండి. నెలనెలా తనంతట తాను కోసుకునే ‘ఆటోపే’ ఏదైనా ఉన్నదేమో అదే యాప్‌లో చూసి రద్దు చేయండి. లూడో ఒకే ఫోనులో నలుగురు కూర్చొని ఆడేటప్పుడు నెట్టు ఆపివేస్తే కొత్త ప్రకటనలు రావు. ఎవరైనా మోసగించి డబ్బు లాగారని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకు నుండి వచ్చిన సందేశాలు చెరిపివేయవద్దు, ఫిర్యాదులో వాటి తేదీ, సమయం అడుగుతారు.