మెడికల్ అలర్ట్ డాగ్‌కి అప్లై చేయాలా, సీజీఎం కొనాలా? ముందు ఈ 5 ప్రశ్నలకు జవాబు రాసుకోండి

ఒంట్లో షుగర్ పడిపోతుంటే వాసన పట్టి మనిషిని లేపే కుక్కల వీడియోలు రీల్స్‌లో బాగా తిరుగుతున్నాయి. మా చెల్లికి టైప్ 1 డయాబెటిస్. తను అమ్మానాన్నలతో ఆమదాలవలసలో ఉంటుంది, నేను ఉద్యోగం కోసం బెంగళూరులో ఉంటాను. నిద్రలో షుగర్ పడిపోతే ఎలా అన్నది మా ఇంట్లో రోజూ ఉండే భయం. "అలాంటి కుక్క మనకి దొరుకుతాదేటిరా?" అని నాన్న అడిగారు. నేను చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కుక్క ఎలా పసిగడుతుంది?

2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు టైప్ 1 ఉన్న 8 మంది మహిళల ఊపిరిని పరీక్షించారు. షుగర్ పడిపోయినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే రసాయనం బాగా పెరిగింది. కుక్కలు పట్టేది దీని వాసనే కావచ్చని వాళ్ల అంచనా.

మరి ఎంతవరకు నమ్మొచ్చు? 2019లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు శిక్షణ పొందిన 27 కుక్కల రికార్డులు చూస్తే, లో షుగర్ సందర్భాల్లో సగటున 83 శాతం పట్టాయి. 2017లో అమెరికాలో 8 మంది మీద జరిగిన చిన్న స్టడీలో మాత్రం 36 శాతమే. అందులో ఎక్కువసార్లు సీజీఎం సెన్సర్ కుక్క కంటే ముందే పసిగట్టింది. అంటే కుక్కకీ కుక్కకీ తేడా చాలా ఉంటుంది.

అప్లికేషన్ సంగతి

బ్రిటన్‌లో 2008లో మొదలైన మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే చారిటీ ఇలాంటి కుక్కల్ని తయారుచేస్తూ వచ్చింది. అది అక్కడ ఉండేవాళ్ల కోసమే. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఏదైనా శిక్షణ సంస్థకు అప్లై చేయొచ్చు, లేదా చట్టం ప్రకారం సొంతంగా కూడా శిక్షణ ఇచ్చుకోవచ్చు. అక్కడ సర్వీస్ డాగ్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బు కడితే వచ్చే సర్టిఫికెట్‌కీ ఐడీ కార్డుకీ చట్టం దగ్గర విలువ లేదు. అలాంటి సైట్‌కి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మన దేశంలో ప్రభుత్వం తరఫున ఈ కుక్కల్ని ఇచ్చే పథకం లేదు. ఎవరైనా శిక్షణ ఇచ్చి తెచ్చినా, రైల్లో మామూలు పెంపుడు కుక్క రూలే ఎదురవుతుంది: ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీదే కావాలి, లేదంటే కుక్క బ్రేక్ వ్యాన్‌లో వెళ్లాలి. మనిషి పక్కన లేని అలర్ట్ డాగ్ వల్ల ఉపయోగం ఏముంది?

అయినా కుక్కను ఇచ్చే ముందు ఏ మంచి సంస్థయినా తేల్చుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. సీజీఎం కొనే ముందు మనకీ అవే అవసరం.

రాసుకోవాల్సిన 5 ప్రశ్నలు

1. షుగర్ పడిపోతున్నట్టు తనకే తెలుస్తుందా? డాక్టర్లు వాడే గోల్డ్ స్కోర్‌లో 1 అంటే ఎప్పుడూ తెలుస్తుంది, 7 అంటే అసలు తెలియదు. 4 లేదా అంతకన్నా ఎక్కువైతే రిస్క్ ఎక్కువని అర్థం. వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

2. ఎప్పుడెప్పుడు పడిపోతోంది? కొన్ని వారాల పాటు టైమ్, రీడింగ్, తిన్నది, వేసుకున్న ఇన్సులిన్ రాయండి. 70 కన్నా తక్కువ, 54 కన్నా తక్కువ రీడింగ్‌లను విడిగా గుర్తుపెట్టండి. చాలాసార్లు ఇన్సులిన్ డోస్ సరిచేస్తేనే సగం సమస్య తగ్గుతుంది.

3. అలారం మోగితే లేచేది ఎవరు? పేరు రాయండి. ఆ మనిషి ఊళ్లో లేని రోజు ఎవరో కూడా రాయండి.

4. లేచాక ఏం చేయాలి? స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ టెస్ట్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ ఇంట్లో పెట్టుకోవాలా అని డాక్టర్‌ని ముందే అడగండి.

5. ఖర్చు ఎన్నాళ్లు మోయగలం? 14 రోజుల సెన్సర్ అయితే ఏడాదికి 26 కావాలి. ఏడాదంతా కష్టమైతే, డోస్ మార్చిన వారాల్లో మాత్రం పెట్టుకోవడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

సీజీఎం కొంటే ఫోన్‌లో చేయాల్సినవి

ముందుగా మోడల్ చూడండి. మొదటి తరం ఫ్రీస్టైల్ లిబ్రే మనం ఫోన్ దగ్గర పెట్టి స్కాన్ చేస్తేనే రీడింగ్ ఇస్తుంది, తనంతట తాను లేపదు. లిబ్రే 2 బ్లూటూత్‌తో అలారం ఇస్తుంది. దాని రేంజ్ సుమారు 6 మీటర్లు, కాబట్టి ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టి గదిలో పడుకుంటే లాభం లేదు.

ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి, ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, డు నాట్ డిస్టర్బ్‌ని దాటే పర్మిషన్ ఇవ్వండి. ఈ మూడింటిలో ఒక్కటి మరిచినా అర్ధరాత్రి అలారం మోగకపోవచ్చు.

లిబ్రేలింక్అప్‌తో దూరంగా ఉన్నవాళ్లు కూడా రీడింగ్ చూడొచ్చు. కానీ రెండు ఫోన్లకీ నెట్ ఉండాలి. ఇంట్లో నెట్ పోతే పక్కనున్న ఫోన్ మోగుతుంది, బెంగళూరులో ఉన్న నాకు మాత్రం ఏమీ రాదు. అందుకే 3వ ప్రశ్నలో నా పేరు రాయలేదు, అమ్మ పేరు రాశాం.

సెన్సర్ ఉన్న చేతి మీద పడుకున్నా రీడింగ్ తక్కువ చూపించొచ్చు. అనుమానం వస్తే వేలి నుంచి రక్తం తీసి చూసుకోవాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చాక మన జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి పవర్ బ్యాంక్, మామూలు గ్లూకోమీటర్, స్ట్రిప్స్ ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

ఏది ఎంచుకోవాలి?

మన ఊళ్లో ఉండేవాళ్లకి ఇప్పటికైతే కుక్క కోసం ఎదురుచూడమని చెప్పను. హైపో తెలియనివాళ్లకి, రాత్రిపూట పడిపోయేవాళ్లకి, డాక్టర్ సరేనంటే అలారం ఇచ్చే సీజీఎం మేలు. బడ్జెట్ లేకపోతే గ్లూకోమీటర్, పడుకునే ముందు ఒక టెస్ట్, డాక్టర్ చెబితే తెల్లవారుజామున 3 గంటలకి ఇంకొకటి. ఏది ఎంచుకున్నా ఆ 5 జవాబుల కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.