అడవి మంటకు ఎదురెళ్లే కొలువు

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ రాగానే అభ్యర్థులంతా సిలబస్, కటాఫ్ లెక్కల్లో పడిపోతారు. ఉద్యోగంలో చేరాక ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఏం చేయాల్సి వస్తుందో అడిగేవాళ్లు తక్కువ. నల్లమల, శేషాచలం, కవ్వాల్ అడవుల్లో అది మంటల కాలం. ఆకు రాలి నేలంతా పరచుకుని ఉంటుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు, కొత్త గడ్డి మొలవాలని అంటించిన ఎండుగడ్డి, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

ఆర్పడమంటే ఫైరింజన్, నీళ్ల పైపు అనుకోకండి. కొండ మీదికి అవి రావు. మన అడవుల్లో ఎక్కువగా నేల మీద పాకే మంటలే. పచ్చి కొమ్మలతో కొట్టి, ముందున్న ఆకును ఊడ్చి, మట్టి బయటపడేలా గీత తీస్తారు. కాలడానికి ఏమీ దొరకని చోట మంట ఆగుతుంది. ఆ గీత ఎక్కడ తీయాలో ఎంచుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. వాలు పైకి ఎగబాకే మంటకు వేగం ఎక్కువ, ఎందుకంటే దాని సెగ పైనున్న ఆకును ముందే ఎండబెడుతుంది. మధ్యాహ్నపు ఎండ, గాలి దానికి తోడవుతాయి. తెల్లవారుజామున గాలిలో తేమ పెరిగి మంట నెమ్మదిస్తుంది. అనుభవమున్న దళం ఆ గంటల్ని వదులుకోదు.

ఈ లెక్క తప్పితే ప్రాణాలే పోతాయి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో నలుగురు అక్కడే చనిపోయారు. ఇలాంటి విషాదాలు చూసిన అమెరికాలో పాల్ గ్లీసన్ అనే అగ్నిమాపక నిపుణుడు 1991లో నాలుగు మాటల నియమం చెప్పాడు: మంటను కనిపెట్టి చూసే మనిషి, తెగని వైర్‌లెస్ సంబంధం, తప్పించుకునే దారి, నిలబడగల చోటు. ఈ నాలుగూ కుదరకపోతే మంట దగ్గరికి వెళ్లకూడదు. అప్పటికే కాలిపోయిన నేల కూడా చాలాసార్లు ఆశ్రయమవుతుంది.

అమెరికాలో మంటల దళంలో చేరాలంటే 20 కిలోల బరువు మోస్తూ, పరిగెత్తకుండా, 4.8 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడవాలి. మన బీట్ ఆఫీసర్ పోస్టుకు పురుషులు 4 గంటల్లో 25, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. చాలామంది దీన్ని చివర్లో దాటేసే తంతుగా చూస్తారు. అది పొరపాటు. పరీక్షకు నెలల ముందే నడక మొదలుపెట్టండి, అదీ ఎగుడుదిగుడు నేల మీద, కొంత బరువుతో.

ఇంటర్ అర్హతతో బీట్ ఆఫీసర్, డిగ్రీతో సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులున్నాయి. ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో చూసుకోండి. శిక్షణకు ఆంధ్రప్రదేశ్‌లో దివాన్‌చెరువు, తెలంగాణలో దూలపల్లి అకాడమీలున్నాయి. మ్యాపు, జీపీఎస్ చదవడం అక్కడ శ్రద్ధగా నేర్చుకోండి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలు గుర్తించిన మంటల సమాచారాన్ని ఎస్ఎంఎస్‌గా పంపుతుంది. కానీ ఉపగ్రహం చూపే ఒక్కో చుక్క వందల మీటర్ల నేల. అందులో మంటను వెతికి పట్టుకోవాల్సింది మీరే.

మొదటి పోస్టింగ్‌లో మీకు దారి చూపేది ఫైర్ వాచర్లు. నల్లమలలో వారిలో చెంచులుంటారు, గాలి మళ్లే లోయలు వాళ్లకు తెలుసు. ఆ సీజన్ వరకే కూలికి వచ్చే వాళ్లకూ మీతో సమానంగా బూట్లు, శిక్షణ అందేలా పట్టుబట్టండి.