గుండెకు కొత్త కణాలు

కంకిపాడు నుండి విజయవాడకు పోయే దారిలో, తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. ఆ సంస్థ హైదరాబాదు కేంద్రంలో 2001లోనే మూలకణ చికిత్స ఆరంభమైంది. ఆరోగ్యవంతమైన కంటి అంచు నుండి కణాలను సేకరించి, ప్రయోగశాలలో పెంచి, సున్నం వంటివి పడి దెబ్బతిన్న కంటిపై అమర్చారు.

మరి గుండెకు ఇది సాధ్యమా? గుండెపోటులో రక్తనాళం మూసుకుపోగా, రక్తం అందని కండరం నశిస్తుంది. తీవ్రమైన పోటులో సుమారు 100 కోట్ల కణాలు చనిపోవచ్చు. కంటి అంచున ఉన్నట్టి మూలకణాల నిల్వ గుండెకు లేదు. కనుక అక్కడ మచ్చ మాత్రమే మిగిలి, గుండె బలహీనమవుతుంది.

2006లో జపాను శాస్త్రవేత్త షిన్యా యమనాకా ఎలుక కణాలలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, వాటిని మూలకణాలుగా మార్చారు. మరుసటి ఏడాది మానవ చర్మకణాలతోనూ దీనిని సాధించారు. ఇట్టి మూలకణాల నుండి పెంచిన గుండె కండరపు పొరలను 2020 జనవరిలో ఒసాకా విశ్వవిద్యాలయ వైద్యులు ఒక రోగి గుండెకు అతికించారు.

అయితే కొత్త కణాలు పాతవాటితో లయ కలపకుంటే గుండె గతి తప్పుతుంది. పరుల కణాలైతే శరీరం అంగీకరించదు. పోయిన కండరాన్ని తిరిగి తేవడం కన్న ఉన్నదానిని కాపాడుకోవడం సులభం. అందుచేత ఛాతీలో నొప్పి తోచిన వెంటనే 108కి ఫోను చేయాలి. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే.